ఎడమ చక్రం చప్పుడు

మేస్త్రీకి చెవులు మందగించాయన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసని మేస్త్రీ నమ్మకం. ఒకరు తాను. రెండోది వంటింట్లో కుక్కర్.

"మూడు విజిళ్ళకి ఆపండి" అని భార్య పెరట్లోకి వెళ్ళిందంటే చాలు, ఆయనకి పరీక్ష మొదలైనట్టే. స్టూలు లాక్కుని కుక్కర్ ఎదురుగా కూర్చునేవాడు. దాని నెత్తిన ఆవిరి ఎప్పుడు ఎగజిమ్ముతుందా అని కళ్ళార్పకుండా చూసేవాడు. ఒకటి, రెండు, మూడు. టక్కున పొయ్యి కట్టేసేవాడు. ఖర్మకాలి మధ్యలో చూపు పేపరు మీదికి మళ్ళిందో, ఆ పూట అందరికీ అడుగంటిన అన్నమే. "పేపర్లో పడి మర్చిపోయానే" అని ఒక నవ్వు పారేసేవాడు. ఆమె గిన్నె నానబెట్టుకుని ఊరుకునేది. ఆ ఊరుకోవడాన్ని ఆయన అమాయకత్వం అనుకున్నాడు. పెళ్ళయి ముప్ఫై రెండేళ్ళయినా మగవాళ్ళు ఇలాంటి పొరపాట్లు చేస్తూనే ఉంటారు.

పనులు కానిచ్చుకోవడానికి మామూలు మనుషులకి చెవుల్లేకపోయినా ఏదోలా గడుస్తుంది. కానీ ఈయన చెవి మేస్త్రీ. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో అయిపోయారు. బైపాస్ పక్కన రేకుల షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు. ఏ బండి ఏ మూల ఏ చప్పుడు చేసినా అక్కడికే తెచ్చేవాళ్ళు. "మా దగ్గర మూడు రోజులుంది, అంతు చిక్కలేదు" అని పక్క షెడ్లవాళ్ళే పంపేవాళ్ళు. ఒకసారి అన్నం తింటూ, రోడ్డు మీద పోతున్న లారీ చప్పుడు విని, "దాని షాఫ్టు జాయింటు పోయింది, ఎంతోదూరం పోదు" అన్నాడట. చెయ్యి కడుక్కునే లోపల ఆ లారీ పెట్రోలు బంకు ముందు చతికిలబడిందట. ఆ కథ చెప్పుకునే ఇరవై ఏళ్ళు బతికేశాడంటే అతిశయోక్తి కాదు.

ఆయనకో పద్ధతి ఉండేది. ముందు వినాలి, తర్వాతే విప్పాలి. బండి ఏదైనా బైపాస్ మీద రెండు కిలోమీటర్లు తానే నడిపేవాడు. అద్దాలు ఎత్తెయ్యాలి. పాటలు కట్టెయ్యాలి. పక్కన కూర్చున్నవాళ్ళు నోరు మెదపకూడదు. ఓనరైనా సరే, ఓనరుగారి మామగారైనా సరే. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో షికారుకని భార్యని ఒక రిపేరు బండిలో ఎక్కించుకున్నాడు. పాపం, ఆమె దగ్గింది. బండి ఆపి ఆమె వంక చూశాడు. ఆ చూపు చాలు, మళ్ళీ ఆమె ఆయన నడిపే ఏ బండిలోనూ పెదవి విప్పలేదు.

అంత చెవికి ఏం రోగం వచ్చిందంటే, పక్క షెడ్డులో బాడీ పని. ఇరవై రెండేళ్ళు పొద్దున్నించి సాయంత్రందాకా రేకు మీద సుత్తి. మొదట పోయింది పిట్టల చప్పుడు. ఆ తర్వాత ఫోను. ఆ తర్వాత ఆడవాళ్ళ మాటల్లో చివరి సగం. చెవుల డాక్టరు బజారులోనే ఉన్నాడు, బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకి కనిపిస్తుంది. చెవి మేస్త్రీ వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంటే ఇంకేమన్నా ఉందా! ఊరంతా టముకు వేసినట్టే. అందుకని సర్దుకుపోతూ వచ్చాడు. పెదవులు చూసి మాట పోల్చుకునేవాడు. అర్థం కానప్పుడు చిన్నగా నవ్వి తల ఊపేవాడు. తల ఊపితే ఎవరూ మళ్ళీ అడగరని కనిపెట్టాడు. బండి చప్పుళ్ళ విషయంలో మాత్రం ఆయనకి రోజూ గుండె పీచుపీచుమంటూనే ఉండేది.

బుధవారం మధ్యాహ్నం మరదలు పికప్పు వేసుకుని వచ్చింది. భార్యకి స్వయానా చెల్లెలు. సొంత బండి, సొంత డ్రైవింగు. కోళ్ళఫారాల నుంచి గుడ్లు ఎత్తి ఘాట్ రోడ్డు దిగి కింది ఊళ్ళకి వేస్తుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"బావా, వెనకాల హూమని ఒకటే గోల. నలభై దాటితే చాలు, డబ్బాలో తుమ్మెద పడ్డట్టు. రేపు పొద్దున్నే లోడు. అక్కని కూడా తీసుకెళ్తున్నా, అమ్మని చూసొస్తాం. చూసి పెట్టు."

"నువ్వు మాట్లాడుతుంటే బండి చప్పుడెలా వినపడిందే నీకు?" అన్నాడు మేస్త్రీ.

"నీ చెవులంత పదును కాకపోయినా మాకూ చెవులున్నాయిలే."

ఇద్దరూ ఎక్కారు. అద్దాలు ఎత్తారు. మరదలు మూతికి వేలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. మేస్త్రీ నలభైకి తీసుకెళ్ళాడు, యాభైకి తీసుకెళ్ళాడు. గాలి చప్పుడు లాంటిది ఏదో చెవుల్లో నిండింది తప్ప తుమ్మెద లేదు, ఈగ లేదు. అరచెయ్యి గేరు రాడ్డు మీద వేశాడు. కొంచెం అదురు తెలిసింది. అది ఈ బండికి ఎప్పుడూ ఉండేదే కావచ్చు. వినపడలేదని చెప్పెయ్యాలి, చెప్పెయ్యాలి అనుకుంటూనే ఒక కిలోమీటరు అయిపోయింది.

బండి వెనక భాగంలో చప్పుడుకి మామూలుగా ఉండే తగాదా ఇది. రేసు ఇచ్చినప్పుడు లేచి, వదలగానే తగ్గితే తప్పు నడుమ గుండులో, అంటే పెద్ద పళ్ళచక్రాలు ఉండే చోట. రేసుతో పనిలేకుండా బండి పరుగు పెట్టినంతసేపూ ఒకేలా మోగితే తప్పు చక్రం బేరింగులో. ఈ రెండూ విడదీసి చెప్పగలిగినవాడే మేస్త్రీ. ఆయన కాలు ఎత్తేశాడు.

"రేసు వదిలేశాను. ఇప్పుడు నువ్వు చెప్పు, ఏం తేడా తెలుస్తోంది?" అన్నాడు, పిల్లలకి పాఠం చెబుతున్నవాడిలా.

మరదలు కాసేపు విన్నది. ఆమెకి పెద్దగా తేడా ఏమీ తెలియలేదు. కానీ అడుగుతున్నది చెవి మేస్త్రీ. ఆయన అడిగాడంటే తేడా ఉండే ఉంటుంది.

"తగ్గినట్టే ఉంది బావా."

"చూశావా మరి! నడుమ గుండే. ఆయిల్ పలచబడిపోయి పళ్ళు అరుస్తున్నాయి."

షెడ్డుకి తెచ్చి పాత ఆయిల్ దింపాడు. చిక్కటి కొత్త ఆయిల్ పోశాడు. కాస్త ఎక్కువే ఉండనీ అని మట్టం చూడకుండా నిండుగా పట్టించాడు. మళ్ళీ ఒక చుట్టు తిప్పి, "ఎలా ఉంది?" అన్నాడు. "బాగా తగ్గింది బావా, నీ చెవులకి ఇన్సూరెన్సు చేయించుకో" అన్నది మరదలు. ఆమె మాట మీద ఆయన, ఆయన చెవి మీద ఆమె. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకున్నారు. చప్పుడుని మాత్రం ఆ రోజు ఎవరూ వినలేదు.

గురువారం పొద్దున్న ఆరింటికి బండి కదిలింది. షెడ్డు ముందే రాత్రంతా నిలిపి ఉంచారు, గుడ్ల ట్రేలు తెల్లవారుజామునే ఎక్కించారు, పైన నీలం పట్టా కట్టారు. భార్య చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బండి బైపాస్ ఎక్కుతూ కుడికి తిరిగింది. ఆమె తల బయటపెట్టి ఆయనవైపు చూసి ఏదో అన్నది. మేస్త్రీ అలవాటుగా నవ్వి తల ఊపాడు. బండి వెళ్ళిపోయింది.

చీపురు తీసుకుని షెడ్డు ముందు ఊడుస్తుంటే నేల మీద మరక కనిపించింది. గచ్చకాయంత కూడా లేదు. కానీ అది ఉండాల్సిన చోట లేదు. నడుమ గుండు కింద కారితే మూత సరిగ్గా బిగించలేదనుకోవచ్చు. ఇది పక్కకి ఉంది. ఎడమ వెనక చక్రం ఆనిన చోటికి లోపలివైపు. వంగి వేలితో అద్దుకున్నాడు. వాసన చూశాడు. నిన్న తాను పోసిన ఆయిలే.

ఆయన అక్కడే గొంతుక్కూర్చుండిపోయాడు. షెడ్డు ముందు నేల ఎడమవైపుకి వాలు. నిండుగా పట్టించిన ఆయిల్ ఇరుసు గొట్టంలో ఎడమ చివరికి చేరింది. చక్రం దగ్గర దానికి అడ్డంగా రబ్బరు సీలు ఉంటుంది. సీలు దాటి వచ్చిందంటే అది చిరిగింది. ఊరికే చిరగదు. బేరింగు అరిగి చక్రం లోలోపల ఊగితేనే చిరుగుతుంది. మరదలు చెప్పిన తుమ్మెద అదే. ఇంక, సీలు దాటిన ఆయిల్ నేల మీదికి ఇంత వచ్చిందంటే బ్రేకు డ్రమ్ములోకి ఎంత పోయి ఉంటుంది! ఆయిల్ తాగిన బ్రేకు పట్టదు. ముందున్నది ఘాట్ రోడ్డు. పదకొండు మలుపులు. బండిలో పూర్తి లోడు, దాని ముందు ఇద్దరు అక్కాచెల్లెళ్ళు.

భార్యకి ఫోను చేశాడు. రెండోసారి చేస్తూ ఎందుకో వంటింట్లోకి తొంగి చూస్తే, కుక్కర్ పక్కన ఆమె ఫోను తెర మీద ఆయన బొమ్మే వెలుగుతోంది. ఎంతసేపటి నుంచి మోగుతోందో ఆ గోడలకే తెలియాలి. మరదలికి చేశాడు. ఎత్తలేదు. ఎందుకెత్తుతుంది? 'స్టీరింగు పట్టుకున్నాక ఫోను ముట్టుకున్నావో, బండి తాళాలు లాక్కుంటా' అని నేర్పింది ఆయనే. అయినా చేశాడు. మూడుసార్లు, నాలుగుసార్లు, ఏడుసార్లు. ఎవరికైనా ఒకసారి చేసి ఊరుకునే మనిషి. ఫోను చొక్కా జేబులో పడేసి, పానాల సంచీ స్కూటరుకి తగిలించి బయల్దేరాడు.

ఘాట్ మొదలు పద్దెనిమిది కిలోమీటర్లు. దిగే ముందు పైన టీ కొట్టుంది. అక్కడ మరదలు ఆరు ట్రేలు దించి టీ తాగి కదులుతుంది. అక్కడ పట్టుకోగలిగితే సరి. లేదంటే? ఆ లేదంటే తర్వాత ఏముందో ఆయన మనసు ఆలోచించనని మొరాయించింది. ఆలోచించకుండానూ ఉండనివ్వలేదు.

స్కూటరు ఎంత లాగినా యాభై దాటదు. ముసలి బండి, తనలాగే. దారిలో ఆగి ఉన్న ప్రతి వాహనం దూరం నుంచి పికప్పులాగే కనిపించింది. కల్వర్టు దగ్గర పదిమంది గుమిగూడి ఉన్నారు. రోడ్డు నిండా తెల్లగా ఏవో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. గుడ్డు పెంకులు! ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. దగ్గరికి వెళ్తే అవి కాగితం కప్పులు. రోడ్డు పనివాళ్ళు టీ తాగి పారేసినవి. "ఏమైంది పెద్దాయనా?" అని వాళ్ళలో ఒకడు అడిగినట్టున్నాడు. మేస్త్రీ తల ఊపి ముందుకి దూకించాడు.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్న బండి కదులుతుంటే భార్య కిటికీలోంచి ఏదో అన్నది. ఏమన్నది? పెదవులు ఎలా కదిలాయి? ఎంత తవ్వుకున్నా అందలేదు. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆ మనిషి తనతో అన్న ఆఖరి మాట అదే అయితే, దానికి తాను పళ్ళికిలించి తల ఊపి ఊరుకున్నాడు. కళ్ళు మసకబారాయి. ఒక చేత్తో తుడుచుకున్నాడు. ఇంత సిగ్గుమాలిన గొప్ప ఎవరిని ఉద్ధరించడానికి అని తనని తాను తిట్టుకున్నాడు, పైకే, గట్టిగా. అది కూడా ఆయనకి సగమే వినపడింది.

టీ కొట్టు మలుపు తిరగ్గానే నీలం పట్టా కనిపించింది. బండి చెట్టు నీడన ఆగి ఉంది. అక్కాచెల్లెళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మరదలు ఫోను చెవికి ఆనించుకుని ఉంది. మేస్త్రీ స్కూటరు స్టాండు వెయ్యబోతే వెయ్యడం కుదరలేదు. స్కూటరు పక్కకి పడిపోయింది, ఎత్తాలని కూడా తోచలేదు.

మరదలు పరుగెత్తుకొచ్చింది. "ఏంటి బావా నువ్వు! ఏడుసార్లు చేశావు. ఏం కొంప మునిగిందోనని మేం పదిసార్లు చేశాం. ఇదిగో, ఇప్పుడూ మోగుతోంది నీ జేబులో. వినపడట్లేదా?"

ఆయన జేబు తడుముకున్నాడు. ఫోను తెర వెలుగుతోంది. చూస్తే నిజంగానే పది. నవ్వి తల ఊపే సమయం కాదది. భార్య లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె మొహం చూశాక ఇంక నీళ్ళు నమలడం ఆయన వల్ల కాలేదు.

"వినపడట్లేదు" అన్నాడు. "నాకు వినపడట్లేదే. నిన్న బండి చప్పుడూ వినపడలేదు. ఊరికే చెప్పా. ఎడమ చక్రం పోయింది. దిగకండి."

మరదలు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆమె నోట మాట పడిపోవడం చూడటం అదే మొదటిసారి. భార్య మాత్రం ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు. రెండేళ్ళ నుంచి తెలుసు. కుక్కర్ ముందు కాపలా కూర్చునే మగాణ్ణి ఇంకెక్కడా చూడలేదు నేను" అన్నది. ఆయనకి అందేలా ఒక్కొక్క మాటే అన్నది. "పొద్దున్న చెప్పాను కదా, కుడికి తిరుగుతుంటే ఎడమపక్క ఏదో మూలుగుతోంది, చూడండీ అని. మీరు తల ఊపారు."

"అదా నువ్వన్నది!"

"వినకుండానే ఊపారని దారంతా అనుమానమే. కుడికి తిరిగినప్పుడల్లా పెరుగుతోంది, ఎడమకి తిరిగితే తగ్గుతోంది. మా చెల్లేమో, బావ విని చెప్పాడుగా, ఇంకేం భయం అంటుంది. ఇక్కడికొచ్చి చూస్తే మీ ఏడు కాల్సు. తిరిగి చేస్తే ఎత్తరు. మీకేమయిందో, బండికేమయిందో. ఏదో తేలేదాకా బండి ఎక్కనని కూర్చున్నా."

కుడికి తిరిగితే బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది. బేరింగు పోయిన చక్రం అప్పుడే మూలుగుతుంది. బండి గురించి అక్షరమ్ముక్క తెలియని మనిషి, కిటికీ పక్కన కూర్చుని తాను చెప్పాల్సింది మొత్తం చెప్పేసింది. మేస్త్రీ తల దించుకున్నాడు. తల తీసేసినట్టయింది, నిజమే. కానీ ఊపిరి ఆడింది. ఆమె కళ్ళ ముందు నిలబడి ఉంది, అది చాలు.

తర్వాతది చేతుల పని. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు. జాకీతో వెనక భాగం ఎత్తి, ఒక అరచెయ్యి ఇరుసుని మోసే కమాను కట్ట మీద ఆనించి, రెండో చేత్తో ఎడమ చక్రం తిప్పాడు. అరచేతికి ఇసుక రాపిడిలా తగిలింది. కుడి చక్రం కూడా అలాగే తిప్పి చూశాడు, అది నున్నగా తిరిగింది. ఈ సంగతి నిన్న తన షెడ్డులోనే, పావుగంటలో, ఈ చేతికే తెలిసి ఉండేది. చెవి మీద గొప్పతో చేతిని నమ్మలేదు. డ్రమ్ము లాగితే లోపల బ్రేకు షూలు ఆయిల్లో తడిసి నల్లగా మెరుస్తున్నాయి. మరదలు వంగి చూసి రెండడుగులు వెనక్కి వేసింది. రోడ్డు కిందికి జారిపోతున్న మొదటి మలుపు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

ఇరుసు కడ్డీ లాగి, నట్టు విప్పి బేరింగు బయటికి తీశాడు. ఒక పక్కంతా పెచ్చులు లేచిపోయి ఉంది. స్కూటరు మీద వెనక్కి వెళ్ళి బేరింగులు, సీలు, కొత్త బ్రేకు షూలు పట్టుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

"గుడ్లవాళ్ళకి ఏం చెప్పావే?" అని అడిగాడు.

"సాయంత్రందాకా ఆగితే పిల్లలైపోవులెండి అన్నా" అన్నది మరదలు. ఆమెకి మాట తిరిగి వచ్చినందుకు ఆయనకి సంతోషమేసింది.

కొత్త బేరింగులు ఎక్కించి, నట్టు బిగిస్తూ చక్రం తిప్పుతూ, తిప్పుతూ బిగిస్తూ, చేతికి సరిపోయిందనిపించాక కాస్త వదులు చేశాడు. ఎక్కువ పోసిన ఆయిల్ మట్టానికి వచ్చేదాకా కారనిచ్చాడు. తర్వాత స్టీరింగు ముందు కూర్చుని భార్యని పక్క సీట్లోకి పిలిచాడు. అద్దాలు ఎత్తాడు. వచ్చిన దారినే కొంతదూరం నడిపాడు. నలభై, యాభై. మధ్యలో కుడికి ఒక మలుపు. భార్య పాత అలవాటున పెదాలు బిగించుకుని కూర్చుంది.

"మాట్లాడవేం? ఏం వినపడుతోందో చెప్పు."

"మాట్లాడొచ్చా?"

"నువ్వు మాట్లాడకపోతే నాకెలా తెలుస్తుందే?"

ఆమె కళ్ళు మూసుకుని విన్నది. వెనక్కి తిరిగేటప్పుడు ఎడమ మలుపులోనూ విన్నది. "ట్రేలు కదులుతున్నాయి. టైర్ల కింద రోడ్డు చప్పుడు. మూలుగు లేదు" అన్నది. మేస్త్రీ బ్రేకు తొక్కి చూశాడు, రెండు పక్కలా సమంగా పట్టింది. అయినా తృప్తి తీరక ఇంకోసారి తిప్పాడు. మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది.

ఎండ ఇంకా తగ్గకముందే అక్కాచెల్లెళ్ళు బయల్దేరారు. మేస్త్రీ టీ కొట్టు ముందు నిలబడ్డాడు. బండి కదిలింది. భార్య కిటికీలోంచి తల బయటపెట్టి ఆయనవైపు చూసి ఏదో అన్నది.

ఆయన తల దానంతట అదే ఊగబోయింది. ఆపుకున్నాడు. చెయ్యెత్తి, "ఆగవే, ఆగు!" అని అరుస్తూ నాలుగంగల్లో బండిని అందుకున్నాడు. మరదలు బ్రేకు తొక్కింది. కొట్టులో ఉన్నవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు చెవి మేస్త్రీని బాగా ఎరిగిన లారీ డ్రైవర్లు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు" అన్నాడు, చెవి వెనక చెయ్యి పెట్టుకుని.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. వంగినా గొంతు తగ్గించలేదు. "రాత్రికి కుక్కర్ పెట్టుకుని పేపరు చదవకండీ అన్నాను!"

కొట్టంతా నవ్వింది. మేస్త్రీ తల ఊపాడు, ఈసారి విన్నాకే.